ఉప్పు చివర్న వెయ్యి

బుజ్జీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నీకు ఓ ఉత్తరం రాయాలని మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగం రేపటికి మర్చిపోతావు. రాసి ఇస్తే వంట గట్టు మీద పక్కన పెట్టుకుని చూసుకుంటావని ఈ ప్రయత్నం. పొద్దున పదింటికే పుచ్చకాయా కీరా టమాటా అన్నీ కోసేసి, ఉప్పూ నిమ్మరసమూ కూడా కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టానన్నావు, ఒంటిగంటకి స్నేహితులు వచ్చి కూర్చునేసరికి గిన్నె అడుగున నీళ్లూ పైన మెత్తబడ్డ ముక్కలూ తప్ప ఏం మిగల్లేదని, ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదని ఎంత బాధపడ్డావో నీ గొంతులోనే తెలిసింది. నువ్వు తెచ్చిన పండ్లలో లోపం లేదు నాన్నా, కోసిన తీరులోనూ లేదు. ఉప్పు వేసిన వేళే తప్పు.

ఎందుకో చెప్తాను. ఎండాకాలం సలాడ్‌లో మనం వేసేవన్నీ నీళ్ల మూటలే. పుచ్చకాయలో నూటికి 92 వంతులు నీరు, కీరాలో ఇంకా ఎక్కువ, 95 దాకా ఉంటుంది, టమాటా కూడా దగ్గర దగ్గర అంతే. ఆ నీరు ముక్క లోపల బిగిసి ఉన్నంతసేపే కొరికితే కరకరమంటుంది, గొంతులోకి చల్లగా దిగుతుంది. అది బయటికి వచ్చేసిందంటే ముక్క వడిలిపోతుంది, నువ్వు కలిపిన నిమ్మరసం పలచబడిపోతుంది, రెండు రుచులూ పోతాయి. ఉప్పు పనే ఆ నీటిని బయటికి లాగడం. పంచదార కూడా అదే పని చేస్తుంది.

నా మాట మీద నమ్మకం ఉన్నా సరే, నీ కళ్లతో ఒకసారి చూడు. నాలుగు కీరా చక్రాలు పళ్లెంలో పరిచి రెండింటి మీద చిటికెడు ఉప్పు చల్లి వాటినే చూస్తూ కూర్చో. ముందు పైన తడి మెరుస్తుంది. తర్వాత గుండుసూది తలంత బొట్లు ఒక్కోటే పైకి వస్తాయి, ఓ పది నిమిషాలకి అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి అంచు మీంచి పళ్లెంలోకి జారతాయి. అప్పుడు ఆ చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వంచితే విరగదు, మెత్తగా వంగుతుంది. ఉప్పు వెయ్యని చక్రాన్ని వంచు, టప్పున విరుగుతుంది. అదొక్కటి చూస్తే చాలు, ఇంక జన్మలో ఉప్పు ముందు వెయ్యవు. నీ సలాడ్ మూడు గంటలు అలా ఉప్పులో కూర్చుంది మరి.

ఇంక మొదట్నుంచి వద్దాం.

రకాలు ఎక్కువైతే బాగుంటుందనుకోకు. చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ తినేవాళ్లకి ఏ రుచీ సరిగ్గా తెలీదు. నేను ఐదు దగ్గర ఆపేస్తాను: తియ్యగా రసం ఉండేది ఒకటి, కరకరలాడేది ఒకటి, పుల్లనిది ఒకటి, కాస్త ఘాటైనది ఒకటి, మంచి వాసన ఇచ్చే ఆకు ఒకటి. నలుగురికైతే మూడు కప్పుల పుచ్చకాయ ముక్కలు, రెండు కీరాలు, ఒక నారింజ, చిన్న ఉల్లిపాయ ఒకటి, పది పదిహేను పుదీనా ఆకులు. పుచ్చకాయ లేకపోతే ఖర్బూజా, నారింజ లేకపోతే ద్రాక్ష, నీ చేతిలో ఏవుంటే అవే. ఈ ఐదు పనులు చేసేవి ఉన్నాయా లేదా అన్నదే చూసుకో.

పుచ్చకాయ కొనేటప్పుడు తిప్పి అడుగు చూడు. నేలకి ఆని పెరిగిన చోట ఒక మచ్చ ఉంటుంది, అది వెన్న రంగులోనో పసుపుగానో ఉంటే తీగ మీదే పండిందని లెక్క, తెల్లగా ఉంటే తొందరపడి కోసేశారని. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లోకి తీసుకుని బరువైనది తెచ్చుకో. కీరా మాత్రం కోశాక తప్పకుండా రుచి చూడాలి. తొడిమ వైపు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకో, చేదు ఉంటే ముందు అక్కడే ఉంటుంది, ఆ తర్వాత తొక్క కింద. కొంచెమే అనిపిస్తే ఆ చివర ఓ రెండంగుళాలు తీసేసి, చెక్కు మందంగా తీసి, మళ్లీ రుచి చూడు. నోరంతా చేదైపోయేలా ఉంటే మొహమాటపడకుండా పారెయ్యి. అంత చేదున్నవి తింటే కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఒక్క చేదు కాయ గిన్నె మొత్తాన్ని పాడు చేస్తుంది, అందుకే ఏ కాయకి ఆ కాయ రుచి చూడాలి, ఒకటి బాగుందని రెండోది వదిలెయ్యకూడదు.

కడగడం దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పుచ్చకాయ తొక్క ఎలాగూ పారేస్తాం కదా అని కడగరు. కత్తి ఆ తొక్కలోంచే లోపలికి దిగుతుంది, పైనున్న మట్టీ క్రిములూ దాంతో పాటే ఎర్రటి గుజ్జులోకి వెళ్తాయి. ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడుగు, ఖర్బూజా లాంటి గరుకు తొక్క అయితే బ్రష్ పెట్టు. సబ్బు మాత్రం వద్దు, అది పండులోకి ఇంకుతుంది. మాంసం కోసిన పీట మీద, ఆ కత్తితో, ఇవి కోయకు. వండకుండా తినేవి కాబట్టి క్రిములు తర్వాత పొయ్యి మీద చచ్చిపోతాయిలే అనుకోవడానికి లేదు.

కడిగిన తర్వాత ఆరబెట్టు. దీన్ని అందరూ వదిలేస్తారు, నాకు ఇదే ముఖ్యం. ఆకు మీద తడి ఉంటే నిమ్మరసం, నూనె దానికి అంటవు, జారి అడుక్కి పోతాయి. పుదీనాని పొడి గుడ్డ మీద పరిచి పైన ఇంకో గుడ్డ వేసి మెల్లగా అద్దు. ఆకులు వాడిపోయి ఉంటే ముందు చల్లటి నీళ్లలో ఓ పావుగంట ఉంచు, నీళ్లు పీల్చుకుని మళ్లీ నిగనిగలాడుతూ లేస్తాయి, తర్వాత ఆరబెట్టు. పుదీనాని కత్తితో సన్నగా తరిగితే నలిగి అంచులు నల్లబడతాయి, చేత్తో తుంచితే చాలు, అదీ వడ్డించే ముందే.

కోసే వరుస కూడా ఉంది. ముందు ఉల్లిపాయ. పల్చటి చీలికలు చేసి చల్లటి నీళ్లలో పది నిమిషాలు వేసి ఉంచితే కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది, కరకర మాత్రం మిగులుతుంది. తీసి, నీళ్లు పిండేసి, గుడ్డ మీద పెట్టు. తర్వాత కీరా: నిలువుగా రెండు చేసి, గింజలు ముదిరి ఉంటే స్పూన్‌తో ఆ గుజ్జు గీకెయ్యి, ఎక్కువ నీరు అక్కడి నుంచే కారుతుంది. టమాటా వేస్తే దానికీ అంతే. పుచ్చకాయ అన్నిటికంటే చివర. ముక్కలు మరీ చిన్నగా చేస్తే కోసిన ముఖాలు ఎక్కువై రసం తొందరగా కారిపోతుంది, నోట్లో ఒకటి పట్టేంత పెద్దవి ఉంచు, కోశాక చిల్లుల గిన్నెలో ఐదు నిమిషాలు వదిలెయ్యి. ఆపిల్ వేయాలనిపిస్తే కోసిన వెంటనే నిమ్మరసం పట్టించు, ఆ పులుపు వల్ల ముక్క గోధుమ రంగులోకి తిరగదు.

నీకు పొద్దున్నే పని తేల్చేసుకోవాలని ఉంటుంది, ఇంటికి మనుషులు వస్తుంటే ఆ టెన్షన్ నాకూ తెలుసు. అందుకని పొద్దున్నే చేసుకోదగ్గవి చేసుకో. అన్నీ కోసి, దేనికది వేరే డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, కలిపే గిన్నె కూడా అందులోనే పెట్టు. టమాటా ఒక్కటి బయటే, కోయకుండా ఉంచు, చలిలో దాని వాసనా రుచీ తగ్గిపోతాయి. నిమ్మరసమూ నూనే చిన్న సీసాలో పోసి పెట్టుకో. ఇంక మనుషులు వచ్చాక కలపడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ సీసాలోకి ఏం పోయాలంటే: రెండు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల నూనె, పావు చెంచా మిరియాల పొడి, ఇష్టమైతే అర చెంచా తేనె. మూత బిగించి గట్టిగా ఊపితే చిక్కగా తెల్లబడుతుంది. ఉత్త ఆకుల సలాడ్‌కి నూనె మూడు వంతులు, పులుపు ఒక వంతు అంటారు కానీ పండ్లకి అంత నూనె వద్దు, నోరు జిడ్డవుతుంది. అసలు నూనె ఎందుకని మానెయ్యకు. పుచ్చకాయకీ టమాటాకీ ఎరుపునిచ్చే లైకోపీన్, క్యారెట్‌కి రంగునిచ్చే కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థాలు, కాస్త నూనె తోడుంటేనే ఒంటికి బాగా పడతాయి. బాదమో వేరుశెనగో వేయించి వేసినా ఆ పని జరుగుతుంది, కాకపోతే వాటిని కూడా చివర్నే వెయ్యి, లేకపోతే నానిపోతాయి. ఏడాది నిండని పాప ఉన్న ఇంట్లో తేనె వేసిన దాంట్లోంచి ఆ పాపకి ఒక్క చెంచా కూడా పెట్టనివ్వకు, అంత చిన్నపిల్లలకి తేనె ప్రమాదం.

ఇప్పుడు అసలు ఘట్టం. అందరూ కూర్చున్నారు, పళ్లాలు వచ్చాయి, అప్పుడు గిన్నె బయటికి తీసి ముక్కలన్నీ అందులో వేసి, సీసా మళ్లీ ఒకసారి ఊపి పైన పోసి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి తేలిగ్గా మూడు నాలుగుసార్లు తిప్పు. గరిటెతో కలిపితే పుచ్చకాయ చితుకుతుంది. పుదీనా తుంచి వెయ్యి. ఆ తర్వాత ఉప్పు, మూడు వేళ్లకి వచ్చినంత, కాస్త ఎత్తు నుంచి చల్లు, అన్ని ముక్కలకీ పడుతుంది. ఒక ముక్క తిని చూడు. చప్పగా అనిపిస్తే ఇంకో చిటికెడు వేసే ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడు, చాలాసార్లు లోటు ఉప్పుది కాదు, పులుపుది. మరీ గడ్డకట్టేంత చల్లగా పెట్టకు, చలి ఎక్కువైతే నాలుకకి తీపి తెలీదు.

ఒక విషయం నా అనుభవంలోంచి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఇంటికి పెద్దలు వస్తుంటే పచ్చి అనాసపండు ముక్కలు పెరుగులో కలిపి రెండు గంటల ముందే పెట్టేశాను, అందమైన గాజు గిన్నెలో. వడ్డించేసరికి పెరుగు నీళ్లయిపోయి చేదెక్కింది, వచ్చినవాళ్లు మర్యాద కోసం తిన్నారు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అనాసలోనూ బొప్పాయిలోనూ మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయని, పాలూ పెరుగూ వాటికి లొంగిపోతాయని తర్వాత తెలిసింది. పెరుగు వెయ్యాలంటే ఆ రెండూ వాడకు, లేదా తినేముందు ఆ నిమిషంలోనే కలుపు.

చిన్నపిల్లలు వస్తే ద్రాక్షని గుండ్రంగా వదలకు, నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి, గొంతుకి అడ్డం పడే పండు అది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కొన్ని పండ్లు డాక్టర్లు వద్దంటారు, కొసరి కొసరి పెట్టకు, వాళ్లనే అడుగు.

కలిపాక బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, వేడి 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటే. కోసిన పుచ్చకాయ పుల్లని పండు కాదు, క్రిములు పెరగడానికి అనువుగా ఉంటుంది, వాసన మారకముందే పాడవుతుంది కూడా. ఆ గడువు లోపల ఇంకా గిన్నెలో మిగిలితే మర్నాటికి సలాడ్‌గా దాచుకోకు, ఎలాగూ నీరు వదిలేస్తుంది. ఉల్లిపాయ చీలికలు ఏరేసి, అడుగున దిగిన రసంతో సహా మిక్సీలో ఒక తిప్పు తిప్పి వడకట్టు, పుదీనా వాసనతో ఉప్పుప్పగా తియ్యగా ఉంటుంది, గిన్నెలు కడిగేవాళ్లకి ఒక్కో గ్లాసు ఇవ్వు.

ఆదివారం ముందు మీ ఇద్దరికే కొంచెం చేసి చూసుకో. కలిపింది ఎప్పుడో గడియారం చూసి పెట్టుకుని, అడుగున నీరు చేరడానికి ఎంతసేపు పట్టిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ