సాయం అక్కర్లేదని రాస్తే సీటు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంఈసీ చదువుతోంది. అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (డిగ్రీలో పలు సబ్జెక్టులు కలిపి చదివించే చిన్న కాలేజీ) ఎకనామిక్స్ చదవాలని పట్టుదలగా ఉంది. మా ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 16 లక్షలు. దరఖాస్తులో ఆర్థిక సాయం అక్కర్లేదని రాస్తే సీటు తేలికగా వస్తుందని, రెండో ఏడాది నుంచి అడగవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది నమ్మి మాత్రం అడుగు వేయకండి.

విలియమ్స్, పొమోనా, స్వార్థ్‌మోర్, వెల్స్‌లీ వంటి కాలేజీలు విదేశీ విద్యార్థులకు సీటిచ్చేటప్పుడు ఎంత సాయం అడిగారన్నది కూడా చూస్తాయి. దీన్నే నీడ్ అవేర్ అంటారు. అడగనివారికి కాస్త మొగ్గు ఉంటుంది. అయితే సాయం అడిగినవారికి సీటు ఇచ్చారంటే, వాళ్ల లెక్క ప్రకారం మీకు తక్కువపడే మొత్తమంతా వాళ్లే భరిస్తారు. ఆమ్‌హర్స్ట్ 2008 నుంచి, బోడిన్ 2022 నుంచి విదేశీయుల విషయంలోనూ డబ్బు అవసరాన్ని పట్టించుకోకుండా ఎంపిక చేస్తున్నాయి. అలాగని అక్కడ సీటు సులువు అనుకోవద్దు. డబ్బు కావలసిన మెరికలందరూ ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడికే దరఖాస్తు చేస్తారు.

ఇక లెక్క చూడండి. ఈ కాలేజీల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాదికి సుమారు 90 వేల డాలర్లు. మీ ఇంటి నాలుగేళ్ల జీతం మొత్తం పెట్టినా ఒక్క ఏడాది గడవదు. ఉన్న స్థలం అమ్మి మొదటి ఏడాది కట్టారనుకుందాం. ప్రవేశ సమయంలో సాయం అడగని విదేశీ విద్యార్థి తర్వాత అడగడానికి వీల్లేదని చాలా కాలేజీలు ముందే నియమం పెట్టాయి. అప్పుడు పిల్ల చదువు మధ్యలో ఆపి వెనక్కి రావాలి. ఆ బాధ మీ అమ్మాయికి రాకూడదు.

అందుకే ఏడాదికి మీరు నిజంగా ఎంత కట్టగలరో ముందు తేల్చుకోండి. ఆర్థిక సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తులో జీతాలు, డిపాజిట్లు, ఫ్లాటు, పొలం అన్నీ అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి మన దగ్గర ఆదాయపు పన్ను లేదు కాబట్టి రాయనక్కర్లేదని కొందరు అనుకుంటారు. రాయాల్సిందే. వీసా కోసమంటూ బంధువుల డబ్బు తెచ్చి మీ ఖాతాలో వేయకండి. అది మీ ఆస్తిగా లెక్కకొచ్చి సాయం తగ్గుతుంది. ఫారం 16, రిటర్నులు, పాసుపుస్తకం ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. సీఎస్ఎస్ రుసుము భారమైతే కాలేజీకి రాయండి, చాలాచోట్ల మినహాయింపు ఇస్తారు.

ఎర్లీ డెసిషన్ అంటే, సీటిస్తే చేరతామని మాటిచ్చి ఒకే కాలేజీకి ముందుగా దరఖాస్తు చేయడం. అందులో సీటిస్తే చేరాల్సిందే. ఇచ్చిన సాయం చాలకపోతే మాత్రం తప్పుకోవచ్చు. కానీ ఇతర కాలేజీల సాయంతో పోల్చుకునే అవకాశం ఉండదు.

దరఖాస్తు చేసే కాలేజీల జాబితాలో ప్రతిభ ఆధారంగా స్కాలర్‌షిప్పులిచ్చే గ్రినెల్, డెనిసన్ వంటివీ ఉండాలి. సోనీపత్‌లోని అశోకా, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయాలు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి, వాటికీ తప్పకుండా దరఖాస్తు చేయించండి. మీరు కట్టగలిగిన మొత్తం ఎంతో, దరఖాస్తుతో పంపే వ్యాసాలు మొదలుపెట్టకముందే అమ్మాయికి చెప్పండి. కాలేజీల జాబితా తనే తయారుచేసుకుంటుంది.