బెల్టు తెగకముందే మార్చెయ్ అబ్బాయ్

చిరంజీవి అబ్బాయికి,

బాబాయ్ ఆశీస్సులు. 1991 మోడల్ పోర్షే కరేరా 2 కొన్నావని మీ నాన్న చెప్పాడు, ఫోటోలు కూడా చూశాను. బండి బాగుంది. నిన్న ఫోన్‌లో డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి వరసగా స్పార్కు కరెంటు పంచే భాగం) మాట ఎత్తగానే "బాగానే నడుస్తోంది కదా బాబాయ్, ఎందుకు కెలకడం?" అన్నావు. నా టెన్షనంతా అక్కడే. ఈ బండిలో ఆ భాగం పాడైనా ఇంజన్ బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

నీ బండిని పోర్షేవాళ్లు 964 అంటారు, దాని ఇంజన్‌లో సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం పన్నెండు. పిస్టన్ వెడల్పు 100 మిల్లీమీటర్లు. అంత వెడల్పున మంట ఒక పక్కనుంచే మొదలైతే అవతలి అంచుకి చేరేసరికి ఆలస్యమవుతుంది, అందుకని రెండు వైపులా వెలిగించారు. దానికోసం ఒకే బాడీలో రెండు డిస్ట్రిబ్యూటర్లు పెట్టారు. రెండు మూతలు, వాటి కింద తిరుగుతూ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ అందించే రెండు రోటర్లు, స్పార్కుకి కావలసిన హై వోల్టేజి పుట్టించే రెండు కాయిల్స్. మొదటి రోటర్‌ని ఇంజన్ గేరు నేరుగా తిప్పుతుంది. రెండోదాన్ని తిప్పేది లోపల ఉన్న చిన్న పళ్ల బెల్టు. నా గోలంతా ఆ బెల్టు గురించే.

మూతల కింద స్పార్కులు ఎగిరినప్పుడల్లా ఓజోన్ పుడుతుంది. అది బయటికి పోకపోతే రబ్బరుని తినేస్తుంది. పోర్షేవాళ్లు ఈ సంగతి తెలిశాక గాలి ఆడేలా ఒక గొట్టం చేర్చారు. నీ బండికి అది ఉందో లేదో ముందు చూడు. లేకపోతే కిట్ దొరుకుతుంది. ఉంటే చీలిందేమో, మూసుకుపోయిందేమో చూసుకో.

బెల్టు తెగితే రెండో రోటర్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కాయిల్ మాత్రం తన పని తను చేసుకుంటూ పోతుంది. స్పార్కులన్నీ రోటర్ ఎదురుగా ఉన్న ఆ ఒక్క సిలిండర్‌కే పోతాయి. దాని వంతు కాని సమయంలో, మిశ్రమం ఇంకా నొక్కుకుంటూ ఉండగానే అంటుకుంటే పిస్టన్ మీదికే వస్తుంది. మిగతా అయిదూ ఒక్కో ప్లగ్గుతో నెట్టుకొస్తాయి. నీకు తెలిసేదల్లా బండి కాస్త మందంగా ఉందనే. పెట్రోల్ బాగాలేదనుకుని నడిపేస్తావు. డాష్‌బోర్డులో ఏదో లైటు వెలిగి చెబుతుందని ఆశ పెట్టుకోకు.

ఈ శనివారం ఇది చెయ్. ఇంజన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ వైరు తీసేసి ఉండాలి. ఇంజన్‌లోకి దిగే షాఫ్టు మీద ఉన్నది మొదటి మూత. రెండోదాన్ని విప్పి, లోపలి రోటర్‌ని వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పి చూడు. పిసరంత కదిలి, బిగుసుకుని, వెనక్కి లాగినట్టు ఉంటే బెల్టు ఉన్నట్టే. అడ్డూ ఆపూ లేకుండా తిరిగిందా, ఇక ఆ బండి స్టార్ట్ చెయ్యకు. తర్వాత మొదటి మూత కూడా తీసి, క్రాంక్ పుల్లీని (ఇంజన్ ప్రధాన షాఫ్టు కొసన ఉన్న చక్రం) స్పానర్‌తో తిప్పుతూ రెండు రోటర్లూ కలిసి కదులుతున్నాయో లేదో చూడు.

ఈ పరీక్ష పాసైతే ఇవాళ్టికి బెల్టు తెగలేదని అర్థం, అంతే. అది ఎంత ఎండిందో పైనుంచి కనిపించదు. తక్కువ మైళ్లు తిరిగిందని అమ్మినాయన గొప్పగా చెప్పాడన్నావు. రబ్బరుకి మైళ్లతో పనిలేదు, షెడ్డులో ఊరికే ఉన్నా ఎండుతుంది. పాత బిల్లులన్నీ తిరగెయ్. "డిస్ట్రిబ్యూటర్ సర్వీసు" అని ఉంటే చాలదు, బెల్టు మార్చినట్టు స్పష్టంగా రాసి ఉండాలి. లేదంటే ఫ్యాక్టరీలో వేసిన బెల్టే ఉందనుకుని మార్చెయ్.

విప్పేటప్పుడు తొందరపడకు. ప్రతి వైరుకీ టేపు అంటించి నంబర్ రాయి, నాలుగు ఫోటోలు తియ్యి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-6-2-4-3-5. పుల్లీ మీద జెడ్1 గుర్తు (మొదటి సిలిండర్ పిస్టన్ పైకొసకి వచ్చిందని చెప్పేది) కలిసేదాకా ఇంజన్‌ని తిప్పు. అయితే ఆ గుర్తు రెండు చుట్లకి రెండుసార్లు వస్తుంది, సరైనది ఒక్కటే. మొదటి రోటర్ ముక్కు బాడీ అంచు మీది గాటుకి ఎదురుగా ఉండాలి. లేకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. అసలు తిరకాసు ఇక్కడుంది. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగుతుంటే రోటర్ పక్కకి తిరుగుతుంది. పూర్తిగా బయటికొచ్చాక అది ఎక్కడ ఆగిందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టు. మళ్లీ దించేటప్పుడు ఆ గీత దగ్గర మొదలుపెడితే తిరుగుతూ వెళ్లి గాటు దగ్గర కూర్చుంటుంది. అది బయట ఉన్నంతసేపు ఇంజన్‌ని ఎవరూ కదపకూడదు.

లోపల విప్పడం మాత్రం నీ చేత్తో వద్దు. షాఫ్టు గేరుని పట్టి ఉంచే పిన్ను కొట్టి తియ్యాలి, దెబ్బ వంకరగా పడితే షాఫ్టు పోతుంది. వీటిని రీబిల్డ్ చేసేవాళ్లున్నారు, పార్సిల్ చేస్తే బెల్టుతో పాటు బేరింగులు కూడా మార్చి పంపుతారు. పోర్షే ఆ బెల్టుని విడిగా అమ్మకుండా మొత్తం డిస్ట్రిబ్యూటర్‌ని అంటగట్టేది. నువ్వు కొత్త డిస్ట్రిబ్యూటర్ కొని డబ్బు తగలెయ్యకు.

ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి మూతలు, రోటర్లు ఒకేసారి మార్చు. పాత మూతని వెలుతురులో తిప్పి చూస్తే లోపలి కొనల మీద తెల్లటి పొడి, కాలిన గుంటలు కనిపిస్తాయి. మధ్యలో స్ప్రింగు మీద ఉండే కార్బన్ ముక్క అరిగిపోయి ఉంటుంది. గోడ మీద వెంట్రుకలాంటి నల్లగీత ఉంటే కరెంటు అడ్డదారి పట్టిందన్నమాట. మీ తాతగారి అంబాసిడర్‌లో డిస్ట్రిబ్యూటర్ పాయింట్లని, అంటే స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే లోహపు కొనలని, గరుకు కాగితంతో రుద్దేవాళ్లం. ఆ అలవాటు ఇక్కడ చూపించకు. రుద్దితే ఖాళీ పెరిగి స్పార్కు ఇంకా కష్టపడుతుంది. పైగా ఇందులో పాయింట్లే లేవు. డిస్ట్రిబ్యూటర్‌ని అటూఇటూ తిప్పి టైమింగ్ సరిచేసే పని కూడా లేదు, అదంతా ఇంజన్‌ని నడిపే మోట్రానిక్ కంప్యూటరే చూసుకుంటుంది.

ప్లగ్ వైర్లని ముందే మార్చాలని నేననను. ఖరీదైనవి, పైగా కింది ప్లగ్గుల దగ్గరికి చెయ్యి దూర్చడం ఓ నరకం. రాత్రి గ్యారేజీ తలుపు తెరిచి, లైట్లార్పి ఇంజన్ నడిపించి దూరం నుంచి చూడు. నీలం మెరుపులు కనిపిస్తే మార్చు, లేకపోతే మీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి ఊరుకో. కాయిల్స్ జోలికి అసలు వెళ్లకు, పనిచేస్తున్న కాయిల్‌ని ముందుజాగ్రత్తకని మార్చడం నాకు నచ్చదు.

బాష్ కంపెనీ పేరుతో నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి మూతలూ రోటర్లూ తెలిసిన షాపులోనే కొను. ఆర్డర్ పెట్టేముందు పాతవాటి మీది నంబర్లు, డిస్ట్రిబ్యూటర్ బాడీ మీది నంబరు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్. చూసి చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయ్