సరోజకు పెద్దమ్మ ఉత్తరం: సంతకానికి ముందు ఆ ఆఫీసు మెట్లెక్కు

సరోజా,

టిఫిన్ బండికి ముప్పై వేలు కావాలని, గ్రూపు కడితే మైక్రోఫైనాన్స్ వాళ్లు ఇంటికొచ్చి ఇస్తామంటున్నారని మీ అమ్మ చెప్పింది. వద్దని నేననను. ఇన్నేళ్లు పొదుపు సంఘాల లెక్కలు రాసినదాన్ని, చేతిలో పెట్టుబడి లేకుండా బండి పడదని నాకు తెలుసు. సంతకం పెట్టే ముందు మాత్రం వాళ్ల ఆఫీసుకు నువ్వే ఒకసారి వెళ్లి రా.

ఇంటికొచ్చే కుర్రాణ్ని నమ్ముకుంటే కుదరదు. కొన్నాళ్లకు అతన్ని వేరే చోటికి మారుస్తారు. కట్టిన వాయిదా ఎక్కలేదనో, తీరిన లోన్ ఇంకా బాకీ చూపిస్తోందనో తేడా వస్తే బోరబండ నుంచి వాళ్ల ఆఫీసున్న మూసాపేట దాకా నువ్వే తిరగాలి. బండి మానేస్తే ఆ పూట బేరం పోయినట్టే. ఆఫీసు ఎంత దూరమో, మేనేజరు ఎప్పుడు దొరుకుతారో ఇప్పుడే చూసుకో. ఇవి బ్యాంకుల్లా రోడ్డు మీద కనపడవు. ఏ ఇంటి రెండో అంతస్తులోనో రెండు బల్లలు, ఒక కంప్యూటర్, గుమ్మం బయట చెప్పులు. పొద్దున స్టాఫంతా వసూళ్ల మీద బస్తీల్లో ఉంటారు కాబట్టి మధ్యాహ్నం వెళ్లు.

లోపలికెళ్లాక ముందు గోడ చూడు. కనిష్ఠ, గరిష్ఠ, సగటు వడ్డీ రేట్లు అందరికీ కనపడేలా పెట్టాలని రిజర్వు బ్యాంకు 2022 నియమాల్లోనే ఉంది. బోర్డు లేకపోతే ఎందుకు లేదో అడుగు. వడ్డీ ఫ్లాటా, తరిగే బాకీ మీదా అనేది తప్పకుండా అడుగు. పది వేలకు ఏడాదికి పన్నెండు శాతం ఫ్లాట్ అంటే నెలకు 933 రూపాయలు కట్టాలి. ఆరు నెలలకు సగం అసలు తీరినా వడ్డీ మాత్రం పది వేల మీదే పడుతుంటుంది. తరిగే బాకీ లెక్కలో చూస్తే ఆ పన్నెండు శాతమే ఇరవై ఒక్క శాతం దాటుతుంది. ఈ లెక్క వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఫీజులన్నీ రాసిన కాగితం నీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తాకట్టు అడగకూడదు, ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇన్సూరెన్స్ నీ ఇష్టం. లోన్ రావాలంటే ముందు డబ్బు కట్టమంటే లేచి వచ్చెయ్. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. ఇంట్లో అందరి అప్పుల వాయిదాలూ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీ ఆయన బైక్ వాయిదా కూడా అందులోకే వస్తుంది, దాచకు.

అద్దె ఇల్లు, ఊరి అడ్రసున్న ఆధార్... ఇదే నీకు పెద్ద టెన్షన్. ఆధార్‌లో అడ్రసు మార్పించుకున్నాకే గ్రూపు సంగతి చూడు. పక్కింటి వాళ్లని మొహమాటానికి కలుపుకోకు. ఖాళీ చేసి వెళ్లిపోతే వాళ్ల వాయిదా మీ అందరి నెత్తిన పడుతుంది.

మీ కాలనీలో ఈ ఆఫీసులు తక్కువున్నాయంటే దానికో కథ ఉంది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ కంపెనీలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. వాయిదాలు ఆగిపోయాయి, కంపెనీలు కొత్త అప్పులు మానేశాయి. వేధింపులు ఆగడం మంచిదే గానీ రోజువారీ వసూలు చేసే గిరిగిరి వడ్డీ వ్యాపారులను ఆపినవాళ్లెవరు? తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు గుంజుతారు. లెక్కేస్తే నెలకు నూటికి ఆరు రూపాయల వడ్డీ పైనే. రిజర్వు బ్యాంకులో నమోదైన కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కాబట్టి నీకిచ్చే కంపెనీ నమోదైందో లేదో రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్ సచేత్ పోర్టల్లో చూడమని మీ పిల్లాడికి చెప్పు.

ఇంతకన్నా చవక దారి మీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో ఉంది. యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగంలో వీధి వ్యాపారుల గుర్తింపు అడిగితే, వాళ్లకు కేంద్రం పెట్టిన స్వనిధి లోన్ పథకం కింద మొదట పదిహేను వేలు వస్తాయి. సరిగ్గా కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ, తర్వాత పాతిక వేలు. ముందు సగం పెట్టుబడి అక్కడ చూసుకో, మిగతా సగానికే మూసాపేట వెళ్లు. కంపెనీకి ఫిర్యాదిచ్చి నెలైనా పలక్కపోతే 14448కి ఫోన్ చెయ్, అది రిజర్వు బ్యాంకు నంబరు. కాగితం చేతికొచ్చాక ఫొటో తీసి నాకు పంపు, సంతకం ఆ తర్వాతే.

పెద్దమ్మ