గంజాయి మందుల దుకాణం పెట్టాలనుకున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి రాంబాబుకు మావయ్య ఆశీస్సులు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఉన్నట్టు, గంజాయితో చేసిన మందులు అమ్మే దుకాణం పార్వతీపురంలో పెట్టడానికి ఏ లైసెన్సు కావాలని అడిగావు. అటువంటి దుకాణానికంటూ మన దేశంలో లైసెన్సు లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ మొక్క పూతనూ కాయ కొసలనూ గంజాయి అంటుంది. వైద్యానికీ పరిశోధనకూ మినహాయింపు ఉన్నా, అది ప్రభుత్వం రాసి ఇచ్చే అనుమతికి లోబడినదే గాని దుకాణదారుడి హక్కు కాదు. సరుకు 20 కిలోలు దాటితే పదేళ్ళకు తగ్గని జైలు శిక్ష పడుతుంది.

అయితే పూత కలవని ఆకును ఆ నిర్వచనం నుంచి మినహాయించారు. ఆయుర్వేదంలో విజయ అనే ఆ ఆకుతో లైసెన్సున్న కంపెనీలు చేసే మందులు నువ్వు అమ్మవచ్చు. తయారీకి 25-డి ఫారం లైసెన్సు తప్పనిసరి. ఆయుర్వేద మందుల అమ్మకానికి మాత్రం కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి దిగే గంజాయి కోసం మన రోడ్లమీద నిత్యం తనిఖీలు జరుగుతుంటాయి కనుక, నీ దగ్గరున్న ప్రతి సీసాకూ బ్యాచి నంబరుతో సహా కొనుగోలు బిల్లు ఉండాలి. సీసామీద తయారీ లైసెన్సు నంబరూ, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికా లేకపోతే ఆ సరుకును గుమ్మంలోనే తిప్పి పంపు. వైద్యుని చీటీ లేనివారికి ఇవ్వకు. విడి ఆకు జోలికి అసలు పోకు, దానిమీద రాష్ట్ర ఎక్సైజు శాఖ అధికారం ఉంటుంది.

ఈ మందులొక్కటే నమ్ముకుంటే అద్దె కూడా రాదు, కాబట్టి మామూలు మెడికల్ షాపుగానే మొదలుపెట్టు. దానికి కనీసం 10 చదరపు మీటర్ల గది, ఫ్రిజ్, రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. 19వ ఫారంలో దరఖాస్తు చేస్తే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాక 20, 21 ఫారాల లైసెన్సులు ఇస్తారు. నువ్వు ఫార్మసీ చదవలేదు గనుక, ఎవరిదో సర్టిఫికెట్ అద్దెకు తెచ్చి గోడకు తగిలించే ఆలోచన నీకు రావచ్చు. అది నేరం, పైగా తప్పు మందు చేతికొచ్చిన రోగి ప్రాణంమీదికి వస్తుంది. జీతమిచ్చి మనిషినే కూర్చోబెట్టు. హెచ్‌1 జాబితా మందుల (కొన్ని యాంటీబయాటిక్సు, అలవాటుపడే మత్తుమందుల వంటివి) రిజిస్టరు వేరుగా రాయించి, మూడేళ్ళు దాచు.

గది అద్దె ఒప్పందం మీద సంతకం చేసేముందు కొలతలతో ప్లాను గీయించి నాకు పంపు.

ఇట్లు,
మావయ్య