లాన్ వేయడానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: చిన్న పట్టణంలో ఇల్లు కొనుక్కుని రెండేళ్లయింది. ఇంటి చుట్టూ సుమారు 200 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉంది. అంతటా లాన్ వేసి, స్ప్రింక్లర్లు బిగించి, అంచుల్లో రాళ్లూ పూలమొక్కలూ పెట్టడానికి కాంట్రాక్టరు చెప్పిన మొత్తం మా ఇద్దరి ఐదు నెలల ఆదాయంతో సమానం. తర్వాత కోతకూ కలుపు తీయడానికీ నెలనెలా మా ఆదాయంలో 5 శాతం ఇవ్వాలి. నీళ్లు, ఎరువు మావే. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. అందులోంచి తీద్దామని మావారు అంటున్నారు, మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుందామని నేను అంటున్నాను. ఎలాగూ ఇంటి విలువ పెరుగుతుంది కాబట్టి ఇది పెట్టుబడే కదా?

జవాబు: అమ్మా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న దాని మీదే మీరిద్దరూ వాదించుకుంటున్నారు. 200 చదరపు మీటర్ల గడ్డిని ఏళ్ల తరబడి ఎవరు పోషించాలన్న సంగతి ఇద్దరూ వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నిర్వహణకు ఆదాయంలో 5 శాతం అంటే వినడానికి చిన్నదే. ఏడాదికి లెక్క కడితే నెల ఆదాయంలో అరవై శాతం అవుతుంది. ఎనిమిదేళ్లు దాటేసరికి, లాన్ వేయడానికి ఎంత పోశారో కోయించడానికీ అంతే పోసి ఉంటారు. ఇందులో నీళ్లు, ఎరువు, పాడైన స్ప్రింక్లర్ తలల మార్పిడి కలపలేదు. గోడలకు రంగు వేయించడం ఒక ఏడాది వాయిదా వేస్తే గోడ అలాగే నిలబడి ఉంటుంది. గడ్డి మాత్రం ఎండాకాలంలో ఒక నెల ఆగమంటే ఆగదు.

ఇక నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. వాన లేని రోజుల్లో లాన్‌కు వారానికి సుమారు 25 మిల్లీమీటర్లు కావాలని సాధారణంగా లెక్క వేస్తారు. మీ స్థలానికి అది వారానికి 5,000 లీటర్లు. మీ ట్యాంకు ఎన్ని లీటర్లదో మీకు తెలుసు కదా, వారానికి ఎన్నిసార్లు నింపాలో చూసుకోండి. నీటికి మీటరు ఉంటే బిల్లు, బోరు ఉంటే కరెంటు, రెండూ లేకపోతే ట్యాంకరు. ఏదైనా సరే, కాంట్రాక్టరు ఇచ్చిన కాగితంలో ఆ వరుస ఉండదు.

రుణం సంగతి. వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుందాం. ఐదు నెలల ఆదాయాన్ని 36 వాయిదాల్లో తీరిస్తే వడ్డీకే దాదాపు ఒక నెల ఆదాయం పోతుంది. ప్రతి నెలా వాయిదాకు ఆదాయంలో పదహారున్నర శాతం, దాని మీద నిర్వహణ 5 శాతం. గడ్డి కోసం ఇంత బరువు ఎత్తుకోమని నేను చెప్పలేను. అత్యవసర నిధి జోలికి అసలే వెళ్లవద్దు. ఉద్యోగం పోయిన నెలలో లాన్‌ను తాకట్టు పెట్టి ఎవరూ డబ్బివ్వరు.

ఇంటి విలువ పెరుగుతుందన్న మాట ఎక్కువగా లాన్ వేసేవాళ్ల నోటి నుంచే వింటాం. శుభ్రంగా ఉన్న ముందుభాగం ఇల్లు త్వరగా అమ్ముడయ్యేందుకు సాయపడుతుంది, కాదనను. కానీ అప్పిచ్చే బ్యాంకు ప్రధానంగా స్థలానికీ కట్టడానికీ విలువ కడుతుంది. చిన్న పట్టణంలో కొనేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో సగం మందికి మీ పచ్చిక ఆనందంగా కనిపిస్తే, మిగతా సగానికి రేపటి నుంచి తమ నెత్తిన పడే పనిగా కనిపిస్తుంది. పైగా కోత యంత్రం చెడితే బాగుచేసేవాళ్లు, పనివాళ్లు మానేస్తే మరొకరు, పెద్ద ఊళ్లో దొరికినంత సులువుగా దొరకరు. అందుకే దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి. ఇష్టపడి చేసే ఖర్చు అనుకోండి. అలా అనుకుంటే తప్పేమీ లేదు, పరిమితి పెట్టుకోవడమూ తేలికవుతుంది.

నా సలహా: మొత్తం స్థలంలో లాన్ 50 చదరపు మీటర్లు మించనివ్వకండి. కుర్చీలు వేసుకుని కూర్చునే చోట, పిల్లలు ఆడుకునే చోట చాలు. పక్క సందుల్లో, గోడ వెంట, ఎవరూ అడుగు పెట్టని మూలల్లో గడ్డి దేనికి? అక్కడ నేలను కప్పే మొక్కలు, పొదలు, కంకర బాట పెట్టండి. మొక్కల మధ్య ఎండుటాకులో బెరడు ముక్కలో నాలుగు వేళ్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. చెట్టు కాండానికి మాత్రం ఆనించకండి, బెరడు కుళ్లుతుంది. గడ్డి 50 చదరపు మీటర్లకు తగ్గితే దానికి నీరు వారానికి 1,250 లీటర్లే. ఇంజను లేకుండా తోసే కోత యంత్రంతో అరగంటలో మీరే కోసుకోవచ్చు. నెలవారీ ఒప్పందం అవసరమే ఉండదు.

వరుస కూడా ముఖ్యం. ముందు వాన నీరు గోడ నుంచి దూరంగా పోయేలా వాలు సరిచేయించండి. పునాది పక్కన నీరు నిలిస్తే లాన్ కన్నా ఎన్నో రెట్లు ఖర్చు. తర్వాత చెట్లు. వాటికి కావలసింది డబ్బు కన్నా ఏళ్లు కాబట్టి ఈ ఏడాదే నాటండి, చిన్న మొక్కలే కొనండి. పెద్దగా పెంచి తెచ్చిన చెట్టు ఖరీదూ ఎక్కువ, కుదురుకోవడానికి కాలమూ ఎక్కువ. గడ్డి అన్నిటికన్నా చివర. ఈలోగా నెలకు ఆదాయంలో 5 శాతం, అంటే ఆ ఒప్పందానికి ఇద్దామనుకున్నదే, విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదిన్నరలో దాదాపు నెల ఆదాయం చేతికొస్తుంది. కుదించిన లాన్ అంచనాను ఆ మొత్తానికి లోబడి ఇమ్మనండి. పెద్ద లాన్ మీద మనసు అప్పటికీ అలాగే ఉంటే మళ్లీ మాట్లాడుకుందాం.

స్ప్రింక్లర్ల మీద నాకు కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. మా ఇంట్లో టైమరు పెట్టించిన తొలి ఏడాది, జోరువానలో అవి ఠంచనుగా తిరుగుతుంటే గొడుగు వేసుకుని వెళ్లి ఆపాను. చిన్న లాన్‌కు గొట్టం చివర బిగించే ఒక్క స్ప్రింక్లర్ చాలు. గడ్డి మీద నాలుగైదు ఖాళీ డబ్బాలు అక్కడక్కడా పెట్టి పావుగంట నీళ్లు వదలండి, స్కేలుతో లోతు కొలవండి. 25 మిల్లీమీటర్లకు ఎంతసేపు పడుతుందో తేలిపోతుంది. దాన్ని రోజూ కొంచెం కొంచెంగా కాకుండా వారానికి రెండు సార్లుగా, తెల్లవారుజామున పెట్టండి. వేళ్లు లోతుకు దిగుతాయి.

ఖర్చు తగ్గించే అలవాట్లు మరో రెండు. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతు మించి తీయవద్దు. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా తిరిగి నేలకే చేరుతుంది. గడ్డి రకం ఎంచుకునే ముందు నీడ చూసుకోండి. బెర్ముడా పేరుతో అమ్మేది మన గరిక జాతే. ఎండలో మొండిగా బతుకుతుంది, చెట్టు నీడలో పలచబడి పోతుంది. మట్టి పరీక్ష చేయించకుండా ఎరువు బస్తాలు కొనకండి.

కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు మట్టి తయారీ ధరలో కలిసి ఉందా, మూడు నెలల్లో గడ్డి చచ్చిపోతే మళ్లీ ఎవరు వేస్తారు అన్నవి రాతలో తీసుకోండి. మొత్తంలో ఐదో వంతు మీ దగ్గరే ఉంచుకోండి. పచ్చిక పలకలు (వేళ్లూ మట్టితో సహా కోసి తెచ్చిన గడ్డి) పరిచిన మూడు వారాలకు ఒక మూలను పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. చాపలా లేచి వస్తే వేళ్లు దిగలేదని అర్థం, ఆ ఐదో వంతు ఇంకా ఇవ్వకండి.