పెరటి షెడ్డు: డబ్బు ఆగితే పని ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మా పెరట్లో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పుతో సామాన్ల షెడ్డు సొంతంగా కట్టుకోవాలనుకుంటున్నాను. గోడలకు, పైకప్పుకు కావలసిన రేకులు, ఫ్రేము ధర చూస్తే కాంట్రాక్టరు అడిగినదాంట్లో సగం కూడా కావడం లేదు. ప్రస్తుతం కొంత సామాను అద్దె గోడౌన్‌లో ఉంది. అత్యవసర నిధిలోంచి డబ్బు తీసి షెడ్డు వేసుకుని, ఏడాదిలో తిరిగి జమ చేస్తే సరిపోతుందా?

జవాబు: అత్యవసర నిధి జోలికి మాత్రం వెళ్లకండి. మీరు తిరిగి జమ చేస్తానంటున్న ఆ ఏడాదిలోనే ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడ్డా, షెడ్డు రేకులు ఊడదీసి ఆసుపత్రి బిల్లు కట్టలేరు కదా.

ఇక షెడ్డు సంగతి. మొత్తం ఖర్చును నెలవారీ గోడౌన్ అద్దెతో భాగించండి. 24 వస్తే రెండేళ్లలో ఖర్చు రాబట్టుకుంటారు, నిశ్చింతగా కట్టుకోండి. 100 వస్తే ఎనిమిదేళ్లు దాటుతుంది. అప్పుడు కట్టాల్సింది షెడ్డు కాదు, అమ్మేయాల్సిన సామాను జాబితా.

అయితే ఆ మొత్తం ఖర్చు సరిగ్గా వేశారా అన్నదే నా అనుమానం. మీ లెక్కలో నేల లేదు. 10 అడుగులు, 8 అడుగులు అంటే 80 చదరపు అడుగులు. 4 అంగుళాల మందాన కాంక్రీటు పోస్తే సుమారు 27 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,800 కిలోలు. ఇసుక, కంకర, సిమెంటు కొనడం ఒక ఖర్చయితే, అంత బరువును వీధిలోంచి పెరట్లోకి చేర్చడం ఇంకో ఖర్చు. దారి సన్నగా ఉంటే ఆ మోత కూలీ మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. తలుపు, గొళ్లెం, స్క్రూలు, రంగు, నేలకు బిగించే బోల్టులు కూడా రాసుకోండి. కోతల్లో వృథా అయ్యేదానికి 10 శాతం, తప్పులకు మరో 15 శాతం కలపండి.

తప్పులకు అంత ఎందుకంటారా? నా షెడ్డు నేనే వేసుకున్నాను. రేకు గట్టు మీద బిగించాల్సిన స్క్రూలను నీళ్లు పారే గాడిలో బిగించాను. లోపల రేకు చెక్కకు గట్టిగా ఆనుతుంది కాబట్టి అదే మేలనుకున్నాను. మొదటి వానకే ప్రతి స్క్రూ పక్కనుంచీ ఒక్కో చుక్క దిగి, పాత పన్ను కాగితాల పెట్టె తడిసి ముద్దయింది. పడిన రంధ్రం పూడదు. మూడు రేకులు మళ్లీ కొన్నాను. మేస్త్రీ చేసిన తప్పయితే ఆయన చేత సరిచేయించుకోవచ్చు. మన తప్పుకు మనమే బిల్లు కడతాం. కాంట్రాక్టరు ధరలో ఆ భరోసా వెల కూడా ఉంటుంది. ఇవన్నీ కలిపాక కూడా మీకు మిగులు కనిపించవచ్చు, కానీ సగం మిగలడం కష్టమే.

నిధి ముట్టుకోకుండా ఎలా? నెలనెలా కొంత పక్కన పెడుతూ విడతలుగా కట్టండి. అయితే డబ్బు అయిపోయిన చోటల్లా పని ఆపకూడదు. నేల పోశాక ఆపవచ్చు. కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి, దాని బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. ఆ తర్వాత ఆరు నెలలు ఖాళీగా ఉన్నా దానికి నష్టం లేదు. ఫ్రేము నిలబెట్టాక మాత్రం ఆపకూడదు. కప్పు లేని చెక్క తడిసి వంకర పోతుంది, సగం బిగించిన రేకు గాలికి ఎగిరి ఎవరి మీదైనా పడవచ్చు. కాబట్టి ఫ్రేము, గోడలు, పైకప్పు, తలుపు, ఈ నాలుగింటి డబ్బూ చేతిలో ఉన్నాకే రెండో విడత మొదలుపెట్టండి. చవకగా వచ్చిందని సిమెంటు ముందే కొని పెట్టుకోకండి. నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది.

పనిముట్లు అద్దెకు తెచ్చుకోండి. రెండు వారాంతాల పనికి డ్రిల్లింగ్ మిషను కొని, ఆ బాకీని క్రెడిట్ కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీతో నడిపితే ఏడాదికి అది 42 శాతం దాటుతుంది.

నేల తవ్వక ముందే స్థానిక సంస్థ అనుమతి అవసరమా, సరిహద్దు నుంచి ఎంత వదలాలి అన్నది కనుక్కోండి. కప్పు వాలు పక్కింటి గోడ వైపు ఉండకూడదు. 10 మిల్లీమీటర్ల వాన పడినా ఆ కప్పు మీద నుంచి 70 లీటర్లకు పైగా నీళ్లు జారతాయి. ఇంటికి బీమా ఉంటే షెడ్డు, అందులోని సామాను దాని కిందికి వస్తాయో లేదో అడగండి.

గోడౌన్ ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలో ఒప్పందంలో చూడండి. కప్పు వేసిన రోజే చెప్పేయకండి. ఒక గట్టి వాన కురవనివ్వండి, లేదా పైపుతో అరగంట నీళ్లు పట్టి లోపల టార్చి వేసి చూడండి. నేల పొడిగా ఉంటే అప్పుడు చెప్పండి.