ఫిర్యాదు నీ బల్ల మీదకు రాకముందే

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కంపెనీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీకి నిన్ను అధ్యక్షురాలిని చేశారని మీ అమ్మ చెప్పింది. ముందు కమిటీ వేసిన ఉత్తర్వు తీసి చదువు. కంపెనీకి చెందని బయటి సభ్యులు ఒకరైనా ఉన్నారా? సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లేనా? ఎవరి పదవీకాలమైనా మూడేళ్లు దాటిందా? కాలం చెల్లిన కమిటీ ఎంత బాగా విచారించినా, అప్పీలులో అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ఎక్కువ కేసులు చెడేది ఫిర్యాదు రాతలో. ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అంటే చాలదు. ఏ రోజు, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు విన్నారు? అన్న మాట ఎంత చెడ్డదైనా ఉన్నదున్నట్టు రాయించు. ఇప్పుడు మొహమాటపడి మింగేస్తే, విచారణలో చెప్పినప్పుడు ‘కొత్తగా కల్పించింది’ అంటారు. ఫిర్యాదు చేసే ఆమెకు రాయడం రాకపోతే సాయం చేయాల్సిన బాధ్యతను, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కమిటీ మీదే పెట్టింది. వాట్సాప్ సందేశాలుంటే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా చాట్ మొత్తం భద్రపరచమను. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. ఫిర్యాదు అందిన రోజే దాచమని ఐటీ వాళ్లకు మెయిల్ పెట్టు, ఎందుకో మాత్రం చెప్పకు.

ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రావాలి. వరుసగా జరిగితే చివరిదాని నుంచి లెక్క. అడ్డంకి ఏదైనా ఉంటే, కారణం రాసిపెట్టి ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. అందిన ఏడు పనిదినాల్లో ఒక ప్రతి, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో అతనికి పంపు, జవాబుకు అతనికి పది పనిదినాలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఆ తర్వాత పది రోజుల్లో. నీతో కలిపి ముగ్గురు లేనిదే విచారణ జరపకు. లాయర్లను ఎవరి తరఫునా రానివ్వకూడదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకు. అతని ప్రశ్నలు రాసిమ్మని, కమిటీ నోటితో అడుగు.

హెచ్చార్ వాళ్లు రెండోరోజే వస్తారు, ‘మాట్లాడి సర్దేద్దాం’ అని. రాజీ ఆమె అడిగితేనే, అదీ విచారణ మొదలుకాకముందు. డబ్బు మీద రాజీ అసలు కుదరదు. ఇంకో అలవాటుంది, ‘నీ మంచికే’ అంటూ ఆమెనే వేరే బ్రాంచికి పంపడం. బదిలీకి గానీ, మూడు నెలల వరకు అదనపు సెలవుకు గానీ ఆమె రాసి అడగాలి. అప్పుడు కూడా కదిలించాల్సింది అతన్నేనేమో చూడు. అతను ఆమె పై అధికారి అయితే, ఆమె పనితీరు నివేదిక అతను రాయకుండా ఆపమని ఆమె చేత అడిగించి, సిఫారసు చెయ్యి. ఇది చాలామంది మరిచిపోతారు, ఏడాది చివర రేటింగు పడిపోయాక గుర్తొస్తుంది.

సాక్ష్యం చాలకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని రాయకు. చట్టం స్పష్టంగానే చెప్పింది, కావాలని దురుద్దేశంతో చేసిందని విచారణలో తేలితేనే ఆ మాట. పేర్లు క్యాంటీన్‌లో పొక్కకూడదు. పొక్కిస్తే సభ్యులకూ జరిమానా ఉంది.

అన్నట్టు, ఊడ్చేవాళ్లు, క్యాంటీన్ ఆడవాళ్లు కాంట్రాక్టు మీద ఉన్నా ఈ చట్టం కిందకే వస్తారు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లతో నోటీసు తెలుగులో రాయించి, వాళ్లు రోజూ వెళ్లే దారిలో అంటించు. ఫిర్యాదు యజమాని మీదే అయితే మాత్రం నీ దగ్గర ఉంచుకోకుండా జిల్లాలోని స్థానిక కమిటీకి పంపించు.

మీ పెద్దమ్మ